చున్నీ లేని బట్టలు

మా ఆయన మీద ఫిర్యాదులు తీసుకునే కార్యాలయం ఒకటి భువనగిరిలో ఉంటే ఎంత బాగుండేది! పొద్దున్నే టిఫిన్ డబ్బా కట్టుకుని పోయి, సాయంత్రం తాళం వేసేదాకా అక్కడి బెంచీ మీదే కూర్చునేదాన్ని. గిరి చెడ్డవాడేం కాదు. తాగడు, అరవడు, మా పుట్టింటికి పోతే పెట్టింది తిని పొగుడుతాడు కూడా. కానీ ఆయన లెక్కలో లోకంలో బట్టలు రెండే రకాలు. మట్టి కనిపించేవి, మట్టి కనిపించనివి. భువనగిరి బస్టాండు పక్కన బోరుమోటార్లు బాగుచేసే దుకాణం నడిపే మనిషికి అంతకన్నా ఎక్కువ రకాలు అవసరం పడలేదేమో అని ఇన్నేళ్లూ సరిపెట్టుకున్నాను. మీ చెల్లెలికి ఆఫీసులో ఉద్యోగం వచ్చింది, ఏం బట్టలు కొనమంటావ్ అని అడిగితే మాత్రం, అన్నం కలుపుతున్న చెయ్యి ఆపకుండా, “మందంగ ఉన్నయి కొనుండ్రి. పల్చటివైతే జల్ది చినుగుతయి” అన్నాడు. మోటారుకు కప్పే గోనెసంచి ఇంకా మందంగా ఉంటుంది కదా అన్నాను. దేవుడి మీద ఒట్టు, కాసేపు ఆలోచించాడు.

అంత గొప్ప సలహా వెంట పెట్టుకుని నేనూ మా ఆడబిడ్డ నిరోషా బట్టల దుకాణానికి వెళ్లిన దగ్గర కిందటి వారం ఈ శీర్షికలో మనం విడిపోయాం. చౌటుప్పల్ దారిలో ఉన్న ఒక మందుల కంపెనీ ఆఫీసులో నిరోషకు లెక్కలు చూసే కొలువు వచ్చింది. సోమవారం చేరాలి. అక్కడి స్నేహలత మేడం ముందే ఫోన్ చేసి చెప్పింది: పెళ్లికి కట్టేలాంటివి వద్దు, అట్లని జీన్సూ టీషర్టూ వద్దు, ప్యాంటు మీద షర్టో కుర్తానో, రోజంతా కుర్చీలో కూర్చున్నా నలగనివి, పని చేసుకోవడానికి అడ్డం రానివి. ఇంత తేలిక సంగతికి మేం దుకాణంలో గుట్టలు గుట్టలు విప్పించాం. చున్నీతో వచ్చే ప్రతి జతనూ నిరోష చూడకుండానే పక్కకు నెట్టింది. ట్రయల్ రూం తలుపు సరిగా పడలేదు. ఆ సందులోంచి చూశాను. అద్దానికి వీపు పెట్టి నిలబడ్డ ఆడపిల్ల అద్దంలో తనను చూసుకోలేదు. చేతులు పైకెత్తింది. గొంతుక్కూర్చుని లేచింది. ఉన్నచోటే పరుగెత్తినట్టు కాళ్లు ఆడించింది. చివరికి చెయ్యి వెనక్కి తిప్పి తన కుర్తా మెడను తానే పట్టుకుని గట్టిగా లాగి, చినుగుతుందా లేదా అని చూసుకుంది.

“గదేందే?” అని అడిగాను.

“బస్సుల రష్ ఉంటది గద వదినె” అని నవ్వింది.

బస్సులో రష్ ఉంటుందని నాకూ తెలుసు. ఆడవాళ్లకు టికెట్ లేకుండా అయినప్పటి నుంచి మరీ ఎక్కువైంది. కానీ రష్‌కు భయపడే మనిషి అట్లా నవ్వదు. కొన్న బట్టలతో పాటు ఆ నవ్వు కూడా నా వెంట ఇంటికి వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం. మామయ్య, అంటే గిరి వాళ్ల నాన్న ఎల్లేశం, ఇంట్లో లేడు. ఎండాకాలం కదా, గొర్ల మందను తోలుకుని హుజూర్‌నగర్ వైపు కాలువ కింది పొలాలకు పోయాడు. వానలు పడేదాకా ఆయన మాకు ఫోన్లో దొరకాల్సిందే. గిరి దుకాణానికి సెలవు. అరుగు మీద ఒక మోటారు పొట్ట విప్పి రాగితీగలు చుట్టుకుంటున్నాడు. నేను నడిమింట్లో మంచం మీద దుప్పటి పరిచి నిరోష బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను.

అసలు పరుద్దామనుకున్నది వరండాలో. అక్కడ గాలి వస్తుంది. నిరోష ఒప్పుకోలేదు.

“ఎండ కొడుతాంది వదినె, లోపలనే చెయ్యి.”

ఎండ ఆ పూట పెరటి వైపు ఉంది. అయినా లోపలే పరిచాను. పిల్ల వీధి తలుపు కూడా దగ్గరికి వేసింది. తలుపు సందులోంచి గిరి వీపు ఒక్కటే కనబడుతోంది. దారి మీద బండి చప్పుడు వినిపించినప్పుడల్లా పిల్ల చేతిలో పని ఆగుతోంది. చప్పుడు దూరం అయ్యాక మళ్లీ సాగుతోంది. ఇదంతా తెలియనట్టు నేను బూడిదరంగు ప్యాంటు మడతల మీద ఇస్త్రీపెట్టె నడుపుతున్నాను.

మా అత్తమ్మ సుక్కమ్మ గడప పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కళ్లు మాత్రం మంచం మీదే ఉన్నాయి.

“గిదేందే, పోలీసోళ్ల లెక్క?”

“ప్యాంటు అత్తమ్మా. దీనికి జేబులున్నయి. ఫోనూ ఆధార్ కార్డూ పెట్టుకుంటది. బస్సుల కార్డు చూపెట్టాలె గద.”

“ఆడోళ్లకు జేబులేంది? కొంగుకు ముడేసుకోరాదా?”

అరుగు మీద నుంచి గిరి అందుకున్నాడు. “ప్యాంటుకు కొంగు యాడికెంచి తెస్తదే అమ్మా?”

“నువ్వు నీ తీగెలు చుట్టుకోరా. నడుమల రాకు.” మళ్లీ నా వైపు తిరిగింది. “పైన ఏమేసుకుంటది?”

చూపించాను. లేత నీలం కుర్తా ఒకటి, వంగపండు రంగుది ఒకటి, నేరుగా మోకాళ్ల దగ్గర ఆగిపోయేవి. ఒక తెల్ల చారల షర్టు. అన్నీ ఉతికి ఆరేస్తే ఇస్త్రీ లేకపోయినా నడిచిపోయే గుడ్డ. వెనక పట్టీ ఉన్న నల్ల చెప్పులు, అడుగు ఎత్తు లేనివి. డిగ్రీ చదివి ఏం చేశావని నన్నెవరైనా అడిగితే ఆ చెప్పుల ఎంపిక చూపిస్తాను. అంత బాగున్నాయి.

“ఇగ మీది గుడ్డ?”

“చున్నీ లేదత్తమ్మా. ఇవన్నీ చున్నీ లేనియే.”

అత్తమ్మ చింతపండు గంప పక్కకు జరిపింది. చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. మా అత్తమ్మ మాట్లాడకుండా లేచిందంటే ఇంట్లో ఏదో ఒకటి జరగబోతుందని అర్థం. లోపలి గదిలోకి వెళ్లి ఒక కవరు పట్టుకొచ్చింది. కవరు మూలకు పసుపు అంటి ఉంది.

“రేపు తొలిదినం ఇవ్వి ఏసుకోవాలె. మామ పెట్టినయి.”

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. ఆడపిల్లకు ఏ శుభం జరిగినా ముందు మేనమామ ఇంటి బట్టలు ఒంటి మీద పడాలి. పెద్దమనిషి అయినప్పుడు వాళ్లవే, పెళ్లికూతుర్ని చేసినప్పుడు వాళ్లవే. ఆ తరువాతే ఎవరివైనా. అయితే ఉద్యోగం అనే శుభకార్యం మా ఇంట్లో ఆడవాళ్లకు ఇంతకుముందు జరగలేదు కాబట్టి దానికి ఏం చేయాలో ఎవరికీ తెలియదు. ఎవరినీ అడగకుండా అత్తమ్మే ఒక పద్ధతి పుట్టించింది. మోత్కూరు వైపు ఉండే తన అన్న పెద్దులుకు కబురు చేసింది. నిన్న మేం చెప్పులు కొనడానికి పోయినప్పుడు పెద్దులు కొడుకు నరేశ్ వచ్చి కవరు ఇచ్చి పోయాడట.

ఇచ్చి పోయాడట, అన్న మాట అత్తమ్మ నోట్లోంచి రాగానే నిరోష గోడకు ఆనుకుంది.

“బావ ఇంటికొచ్చిండా?”

“వస్తే ఏమాయె? మేనత్త ఇంటికి రాడా? చాయ్ తాగి పోయిండు. నీ అర్ర చూపెట్టుమన్నడు, కొత్తగ సున్నమేసినం అంటే. చూసిపోయిండు.”

నిరోష తన గది తలుపు వైపు చూసింది. ఎవరో ఇంకా లోపలే ఉన్నట్టు చూసింది.

నరేశ్ గురించి పాత పాఠకులకు కొత్తగా చెప్పేదేం లేదు. కొత్తవాళ్లకు రెండు ముక్కలు. నిరోష ఉయ్యాలలో ఉన్నప్పుడే అత్తమ్మా ఆమె అన్నా కలిసి, ఈ పిల్ల ఆ పిల్లగానిది అనుకున్నారు. పోయిన చలికాలంలో నిరోష అందరి ముందూ నాకు ఇష్టం లేదు అని చెప్పింది. మామయ్య, పిల్ల ఇష్టం, ముందు కొలువు చూసుకోనీ అన్నాడు. అత్తమ్మా వాళ్లన్నా ఆ మాటలో చివరి ముక్క ఒక్కటే విన్నారు. కొలువు వచ్చేసింది కాబట్టి అడ్డు తొలగిపోయిందని వాళ్ల లెక్క.

అత్తమ్మ కవరు విప్పింది. చిలకపచ్చ చుడీదార్. దాని మీదికి చున్నీ. ఎరుపంటే మామూలు ఎరుపు కాదు. గుట్ట మీద నిలబడి చూసినా ఊరి బయట మనిషి కనబడే ఎరుపు.

“నరేశే పసందు చేసిండట. దూరంకెంచి కొట్టొచ్చినట్టు కనవడాలె అన్నడట” అన్నది అత్తమ్మ మురిసిపోతూ.

నిరోష ఆ చున్నీనే చూసింది. తరువాత చాలా మెల్లగా అన్నది.

“గీ రంగు మనది కాదమ్మా. మామోళ్ల మందది.”

అరుగు మీద గిరి ఫక్కున నవ్వాడు. నవ్వాల్సిన మాటే. గొర్లు మేపుకుంటూ దూరం పోయేముందు ఎవరి మందకు వాళ్లు రంగు గుర్తు వేసుకుంటారు. నీళ్ల దగ్గర మందలు కలిసిపోతే ఎవరివి ఎవరివో ఆ గుర్తుతోనే విడదీస్తారు. మా మామయ్య మందకు నడుము మీద నీలం. పెద్దులు మామ మందకు మెడ మీద ఎరుపు.

గిరి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆయనకే తెలియనట్టు తలుపు నెట్టి లోపలికి తొంగి చూశాడు.

“గొర్రెకూ నీకూ జోడేందే? నోటికి ఏదొస్తే గదేనా?” అత్తమ్మ గొంతు లేచింది.

“గదే నేను అడుగుతున్న. జోడేంది?”

“నీ మామ మనసు పెట్టి కొనిచ్చిండు. ఒక్క దినం ఏసుకుంటే కరిగిపోతవా?”

“ఒక్కదినమే కదనే చెల్లె” అన్నాడు గిరి. “ఆఫీసోళ్లు ఏమన్న అంటే ఎల్లుండికెంచి నీ ప్యాంటే ఏసుకో. పెద్దోళ్ల మనసెందుకు నొప్పిచ్చుడు?”

“నేను ఏసుకోను.”

“ఎందుకేసుకోవు?”

“ఏసుకోను అన్న గద.”

మాట పెద్దదేం కాదు, ఏ ఇంట్లోనైనా బట్టల దగ్గర రోజూ వినిపించేదే. కానీ పిల్ల గోడకు వీపు ఆనించి మాట్లాడుతోంది. మొన్న అద్దానికి వీపు పెట్టినట్టు. ఇస్త్రీపెట్టె చేతిలో పట్టుకునే, అత్తమ్మా ఇప్పుడు వద్దు, ఆగు అని చెప్పబోయాను.

అత్తమ్మకు కోపం వచ్చినా బిడ్డ మీద ప్రేమ తగ్గదు. ఆ రెండూ ఆమెకు ఒకే చేత్తో వస్తాయి. విసవిసా నడిచి వచ్చి, “ఎట్ల ఒప్పుతదో చూడు జర” అంటూ ఆ ఎర్ర చున్నీని నిరోష మెడ చుట్టూ వేసి, కొస పట్టుకుని తన వైపు చిన్నగా గుంజింది.

నిరోష అరిచింది.

అది అరుపు అని రాస్తున్నాను గానీ, మనుషుల నోట్లోంచి అట్లాంటి చప్పుడు నేను అంతకుముందు వినలేదు. రెండు చేతులతో మెడ పట్టుకుని కిందికి జారిపోయింది. మోకాళ్ల మధ్య తల దాచుకుని, “వదులు, వదులు, నేను వస్తున్న గద, వదులు” అంటోంది. ఆమె మాట్లాడుతున్నది మాతో కాదు. అత్తమ్మ చేతిలో కొస పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. గిరి మోటారు వదిలేసి లోపలికి ఉరికొచ్చాడు. నేను చున్నీ తీసి దూరంగా విసిరేసి పిల్లను పట్టుకున్నాను. గోళ్లు దిగేలా నా చెయ్యి పట్టుకుంది. ముట్టుకున్నది నేనే అని తెలిశాక గానీ నా చెయ్యి వదలలేదు.

కాలిన వాసన వచ్చేదాకా ఇస్త్రీపెట్టె ఎక్కడ పెట్టానో నాకు గుర్తులేదు. లేత నీలం కుర్తా వీపు మీద గోధుమరంగు మచ్చ పడింది. గిరి వెళ్లి స్విచ్ తీశాడు. నష్టం గురించి ఒక్క మాట అనలేదు. ఆయన అనలేదంటే ఎంత భయపడ్డాడో మీరే అర్థం చేసుకోండి.

నీళ్లు తాగించాను. గ్లాసు కింద పెట్టి నోరు విప్పింది.

“ఇంటర్వ్యూ దినం చున్నీ బస్సు కిటికీలకెంచి ఎగిరిపోయిందని చెప్పిన గద వదినె. ఎగరలేదు.”

నేను ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాను.

“భువనగిరి బస్టాండ్ల చౌటుప్పల్ బస్సు కోసం నిలబడ్డ. బావ వచ్చిండు. ఆల్ ది బెస్ట్ చెప్పనీకె వచ్చిన అన్నడు. నవ్వుకుంటనే నా చున్నీ కొస పట్టుకుండు. చేతికి చుట్టుకున్నడు. ఇంకో చుట్టు చుట్టిండు. చుట్టుకుంట ఉంటే నేను దగ్గరికి జరుగుకుంట పోవాల్నాయె. తర్వాత నడుసుడు షురూ చేసిండు. నేను ఎనక.”

“చున్నీ ఇడిసిపెట్టి ఉరకరాదా?” అన్నాడు గిరి.

“రెండు భుజాలకు పిన్నులున్నయి అన్నా.”

పిన్నులు నేనే పెట్టాను. ఇంటర్వ్యూలో చున్నీ జారితే సర్దుకుంటూ కూర్చుంటే బాగుండదని, గట్టిగా లోపలికంటా గుచ్చి మరీ పెట్టాను.

“ఒర్రకపోయినవా బిడ్డా? అంతమంది జనం ఉంటరు గద” అని అడిగాను, ఒక్క కేక వేస్తే సరిపోయేదన్నట్టు.

“ఒక పెద్దామె అడిగింది వదినె, ఏంది బాబూ అని. నా మేనమరదలమ్మా, అలిగింది, ఇంటికి తీస్కపోతున్న అన్నడు. ఆమె నవ్వింది. పో బిడ్డా, మొగనితోని గట్ల అలగొద్దు అన్నది. పక్కోళ్లు గూడ నవ్విండ్రు. ఇగ ఎవరికి ఒర్రాలె?”

గిరి తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాడు.

“బండికాడికి తీస్కపోయిండు. అప్పుడే మా బస్సు ఎనకకు వస్తాంది. అందరు ఉరికిండ్రు. ఆ రష్‌ల నేను గుంజుకున్న. భుజం కాడ డ్రెస్సే చినిగింది. పిన్ను ఇగో ఇక్కడికెంచి ఇక్కడిదాక గీరింది. చున్నీ ఆయన చేతులనే ఉండిపోయింది. బస్సు ఎక్కినంక కిటికీకాడికి వచ్చి నవ్వుకుంటనే అన్నడు. ఏ ఆఫీసుకన్న పో నిరోషా, ఎక్కిన బస్సు దిగాలె గద, అన్నడు.”

కుర్తా మెడ పక్కకు జరిపింది. గీత మానిపోయింది గానీ రంగు ఇంకా పోలేదు.

ట్రయల్ రూంలో ఆమె ఏం కొలుస్తోందో అప్పుడు అర్థమైంది నాకు. మేమంతా రంగు చూశాం, ధర చూశాం, నలుగుతుందా నలగదా అని పిండి చూశాం. ఆ పిల్ల మాత్రం పట్టుకోవడానికి ఎక్కడ దొరుకుతుంది, పట్టుకుంటే ఎంతసేపట్లో చినుగుతుంది, చినిగాక ఎంత దూరం ఉరకొచ్చు, అని చూసుకుంది.

బండి తాళం చెవి తీసిన చప్పుడు. గిరి చెప్పులు వేసుకుంటున్నాడు.

“యాడికి?” అని అడ్డం నిలబడ్డాను.

“మామోళ్ల ఇంటికి. జరుగు శైలా.”

“పోయి?”

“చేతులు ఇరగ్గొడత.”

“ఇరగ్గొట్టు. తెల్లారి పోలీస్ స్టేషన్ కాడ నేను కూసోవాలె. పిల్ల ఆఫీసు కాడ ఎవరుండాలె?”

“అయితే పిల్లను పంపేదే లేదు. కొలువొద్దు, గిలువొద్దు. ఇంట్ల ఉండనీ. నిమ్మలమైనంక చూద్దాం.”

నిరోష తలెత్తింది. ఇంతసేపూ నేలను చూసి మాట్లాడిన పిల్ల ఇప్పుడు అన్న ముఖంలోకి సూటిగా చూసింది.

“గిందుకే చెప్పలేదు.”

“ఏందే?”

“గీ మాట అంటవనే చెప్పలేదు అన్నా. బావకు భయపడ్డ. నిజమే. కాని దానికన్న ఎక్కువ మీకు భయపడ్డ. ఆయన నన్ను బస్టాండ్ల పట్టుకుంటడు. మీరు ఇంట్లనే పట్టుకుంటరు.”

గిరి తాళం చెవి పట్టుకున్న చెయ్యి కిందికి దిగిపోయింది. వచ్చి చెల్లెలి ముందు నేల మీద కూర్చున్నాడు. రాగితీగల నల్లమసి వేళ్లతో కాలిపోయిన కుర్తా తీసుకుని మచ్చను గోటితో గీకాడు. పోయేది కాదని ఆయనకూ తెలుసు.

“సరే. పోతవ్. నేను బండి మీద దింపుత.”

“ఎన్ని దినాలు దింపుతవ్? దుకాణం బంద్ పెడతవా? తొలిదినం నీ బండెనక దాక్కొని పోతే, రెండో దినం బస్సు ఎట్ల ఎక్కుత? నేను బస్సుకే పోత.”

“నేను ఎంబడి పోత” అన్నాను. నా నోట్లోంచి ఆ మాట వచ్చిందని విన్నాక గానీ నాకు తెలియలేదు. “తొలి బస్సుకు ఇద్దరం పోతం. భువనగిరిల బస్సు మారేదాక, ఆఫీసు గేటు దాక. స్నేహలత మేడంతోని గూడ మాట్లాడుత. నువ్వు దుకాణంల ఉండు, ఫోన్ చేతులనే పెట్టుకో. పిలిస్తే అరనిమిషంల బస్టాండ్ల ఉండాలె.”

గిరి తల ఊపాడు. నిరోష మంచం మీది బట్టల వైపు చూసింది. వంగపండు కుర్తా తీసి బూడిదరంగు ప్యాంటు మీద పెట్టింది. చారల షర్టు పెట్టి చూసింది. మళ్లీ కుర్తానే పెట్టింది. “షర్టుకు కాలర్ ఉంది వదినె” అన్నది. కాలర్ ఉంటే ఏమవుతుందని నేను అడగలేదు.

సరే, కుర్తా అనుకున్నాం. జుట్టు జడ వద్దు, ముడి వేస్తానన్నాను. కమ్మలు చిన్నవి పెట్టుకోమన్నాను. బ్యాగు అడ్డంగా వేసుకోవద్దు, చేతిలో పట్టుకుంటే అవసరమైతే వదిలేయొచ్చు అనుకున్నాం. మామూలు ఇళ్లలో ఉద్యోగానికి పోయే పిల్లను ఇట్లాగే ముస్తాబు చేస్తారా? మేం ఒక్కొక్క వస్తువునూ పట్టుకుని ఇది ఎవరి చేతికి దొరుకుతుంది అని ఆలోచిస్తూ కూర్చున్నాం. చివరికి నేనే, “మీ అన్న ఆలోచించినట్టు గోనెసంచి కట్టుకుంటే ఈ ఫికరే లేకుండె” అన్నాను. నిరోష పెదవి ఒక పక్కకు కదిలింది. ఆ పూటకు అదే ఎక్కువ.

ఈ గొడవలో మేం ముగ్గురమూ అత్తమ్మను మరిచిపోయాం.

ఆమె మూల కూర్చుని ఉంది. నేను విసిరేసిన ఎర్ర చున్నీ ఒళ్లో పెట్టుకుని మడతపెడుతోంది. అంచుకు అంచు కలపడం లేదు. విప్పుతోంది, మళ్లీ పెడుతోంది. తన అన్న కొడుకు అట్లా చేయడు, నువ్వే ఏదో అని ఉంటవ్, అంటుందని ఎదురుచూస్తున్నాను. సమాధానం కూడా సిద్ధం చేసుకున్నాను. మా పెళ్లయినప్పటి నుంచి నోట్లో ఆపుకున్నవన్నీ కలిపి ఒకేసారి ఇద్దామని.

అత్తమ్మ ఆ మాట అనలేదు. బయట పొద్దు వాలుతోంది. దారి మీద ఏదో బండి వచ్చి, మా ఇంటి ముందు నెమ్మదించి, వెళ్లిపోయింది. ఈసారి నిరోష ఒక్కతే కాదు, నలుగురమూ తలుపు వైపు చూశాం.

“గా బస్సుకు పోకుండ్రి” అన్నది అత్తమ్మ.

“ఏ బస్సుకు?”

“తొలి బస్సుకు.”

“ఎందుకు పోవద్దు?” గిరి విసుక్కున్నాడు. “ఇంత చెప్పినంక గూడ నీకు…”

“వానికి తెలుసురా.”

ఆమె గొంతు ఎంత చిన్నగా ఉందంటే, మా అత్తమ్మ గొంతు అట్లా కూడా ఉంటుందని నాకు తెలియదు.

“పొద్దుగాల ఫోన్ చేసిండు. అత్తా, బాపు పెట్టిన బట్టలే ఏసుకుంటదా అన్నడు. ఏసుకుంటది కొడుకా అన్న. ఏ బస్సు అన్నడు. చెప్పిన. కొత్త జాగ గద, పిల్ల పరేషాన్ అయితది, భువనగిరిల దిగంగనే నేనుంట అన్నడు. ఎర్ర చున్నీ ఉంటది గద, ఎంత రష్ ఉన్నా కనవడ్తది అన్నడు. అక్కడికెంచి కారుల తీస్కపోత, దోస్తులు గూడ ఉంటరు అన్నడు. నడుమల గుట్టకింద గుడికాడ ఆగి మొక్కిచ్చి, ఆఫీసుల దింపుత అన్నడు.”

“అమ్మా” అన్నాడు గిరి.

“అయ్యగారికి గూడ చెప్పిపెట్టిన అన్నడు. కొలువుకు పూజ గావచ్చు, ఎంత మంచి పోరడు అనుకున్న. బస్సు తప్పితే ఇంటికే వస్త, నువ్వు తలుపు తీసి పెట్టు అత్తా అన్నడు. తీసి పెడ్త అన్న.”

చున్నీ ఆమె ఒళ్లోంచి జారి నేల మీద పడింది. తీసుకోవడానికి వంగలేదు.

“పూలదండలు తెచ్చిపెట్టిన అన్నడు రా. రెండు దండలు అన్నడు. దేవునికి రెండెందుకు కొడుకా అని నా నోటికి రాలే.”

నిరోష లేచి నిలబడింది. తల్లి ఆమె పాదాల వైపే చూస్తూ మాట్లాడింది, ముఖం వైపు చూడలేక.

“ఇష్టం లేదని నువ్వు చెప్పిన దినమే నేను ఇనాలె. ఇనలే. నేను తప్పు చేసిన బిడ్డా. నేనే తప్పు చేసిన.”